వాటర్లూలో వాన, బల్ల మీద పాచిక: వార్‌గేమ్‌ల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో, చరిత్రలో జరిగిన యుద్ధాలను మ్యాపు, అట్టబిళ్లలు, బొమ్మలు, పాచికలతో బల్ల మీద మళ్లీ ఆడే వార్‌గేమ్‌ల గురించి రాశాం కదా. అది రెండు పేజీలే, వచ్చిన ఉత్తరాలు మాత్రం ఓ సంచికకు సరిపోతాయి. కొన్ని తిట్లు కూడా ఉన్నాయి, వాటిలో ఒకదానికి కింద జవాబు చెప్పాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే కలిపి ఒకటే చేశాను, మీ వాక్యం కనిపించలేదని అలగకండి.

ప్ర: నేను చదరంగం బాగా ఆడతాను. వార్‌గేమ్ కూడా అలాంటిదే కదా, పేరు మార్చారు అంతే. కొత్తగా నేర్చుకోవడానికి ఏముంది?

జ: చుట్టరికం ఉంది, కాదనను. కానీ చదరంగంలో మీ గుర్రం వెళ్లి అవతలివాళ్ల ఏనుగును కొడితే ఏనుగు పోవాల్సిందే. గుర్రం బెదరదు, బురదలో దిగబడదు, బంటు వచ్చి "ఆర్డర్ ఇంకా అందలేదండీ" అనదు. యుద్ధంలో జరిగేవేమో ముప్పాతిక మూడొంతులు ఇవే.

ఈ తేడా జనానికి తట్టడానికి కొంచెం టైమే పట్టింది. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే గణితం మాస్టారు చదరంగం బోర్డును బాగా పెద్దది చేసి, గళ్లకు రంగులు వేసి ఇది కొండ, ఇది నీళ్లు, ఇది అడవి అని విడగొట్టాడు. మంచి ఆలోచనే కానీ కొట్టడం మాత్రం పాత పద్ధతే, వెళ్లిన పావు ఉన్న పావును తినేస్తుంది. అసలు మలుపు అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో వచ్చింది. రైస్విట్జ్ అనే పెద్దమనిషి 1812లో ఓ పెద్ద బల్ల తయారుచేసి రాజుకు చూపించాడు. సైన్యంలో అధికారిగా ఉన్న ఆయన కొడుకు ఆ పని అందుకుని 1824లో దాని రూల్స్ అచ్చువేశాడు. గళ్లు తీసేశాడు. 1:8000 స్కేల్లో నిజమైన మ్యాపు, ఒక్కో టర్న్ అంటే 2 నిమిషాల యుద్ధం, దెబ్బ ఎంత తగిలిందో చెప్పడానికి పాచికలు, వీటన్నిటికీ పైన ఒక అంపైర్. ఆటగాళ్లు ఆర్డర్లు కాగితం మీద రాసి అంపైర్‌కు ఇస్తారు, మీ సైనికుడి కంటికి ఏది కనపడుతుందో అంతవరకే ఆయన మ్యాపు మీద పెడతాడు. కొండ అవతల ఏముందో మీకు తెలీదు. అవతల శత్రువే ఉన్నాడనుకుని మీ రిజర్వు మొత్తం అటు పంపాక అక్కడ ఎవరూ లేరని తెలుస్తుంది చూశారా, ఆ అనుభవం చదరంగంలో చచ్చినా రాదు.

కాబట్టి మీరు బాగా ఆడతారు, సందేహం లేదు. మొదటి రెండు మూడు ఆటలు మాత్రం మీకు మహా చిరాకు పుట్టిస్తాయి. చెప్పిన మాట వినని పావులతో మీకు ఇదివరకు పని పడలేదు.

ప్ర: ఈ మ్యాపుల మీద అన్నీ తేనెపట్టులాగా ఆరు మూలల గళ్లే ఎందుకుంటాయి? చతురస్రాలైతే గీసుకోవడం సులువు కదా.

జ: గీసుకోవడం సులువే, నడవడమే తంటా. చతురస్రపు గడిలోంచి పక్క గడికి వెళ్తే ఒక అడుగు, మూలగా వెళ్తే నిజానికి 1.4 అడుగులు. మూలకు కూడా ఒకటే అని లెక్కేస్తే సైన్యాలన్నీ మూలగానే పరిగెత్తుతాయి, మూలగా కదలకూడదంటే మెట్లు దిగినట్టు నడుస్తాయి. ఆరు మూలల గడికి చుట్టూ ఉన్న ఆరు గళ్లూ సమాన దూరంలో ఉంటాయి, గొడవే లేదు. ఈ హెక్స్ గళ్లను ఇళ్లలో ఆడే ఆటల్లోకి తెచ్చినవాడు అమెరికాలో ఎవలాన్ హిల్ కంపెనీ పెట్టిన చార్లెస్ రాబర్ట్స్. ఆయన 1958లో వేసిన గెటిస్‌బర్గ్ ఆటలో చతురస్రాలే ఉన్నాయి, 1961లో మళ్లీ వేసినప్పుడు హెక్స్‌లు పెట్టాడు. ఇప్పటికీ వాటికి పడని చోటు ఒకటుంది. నిటారుగా పోయే రోడ్డుగానీ సైనికుల వరసగానీ హెక్స్‌ల మీద రెండు దిక్కుల్లో పాములాగా వంకర పోతుంది. దానికి మందు లేదు, అలవాటు పడాలి.

ప్ర: గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకుని ప్లాన్ వేస్తే చివరికి ఒక్క పాచిక మొత్తం నాశనం చేసింది. అదృష్టం మీద నడిచేదాన్ని వ్యూహం అని ఎందుకంటారు?

జ: మీ కోపం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే నేనూ ఒకసారి వరసగా మూడు దాడులు చేసి మూడింట్లోనూ 1 వేశాను. ఆ ఆటలో 1 పడితేనే దాడి పోతుంది, 2 నుంచి 6 దాకా ఏది పడ్డా గెలుపే. అంటే మూడుసార్లు వరసగా పోవడానికి 216లో ఒక్క అవకాశం. ఆ ఒక్కటీ నాకే వచ్చింది. పాచికను కిటికీలోంచి విసిరేద్దామనిపించింది, నిజంగా.

కానీ ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తప్పు పాచికది కాదనిపించింది. ఎలాగో చెప్తాను. చాలా బోర్డు ఆటల్లో దాడి ఫలితాల పట్టిక ఒకటి ఉంటుంది. మీ బలాన్ని అవతలి బలంతో భాగిస్తారు, 12 మంది బలం 4 మీదికి వెళ్తే 3కి 1. ఆ నిలువు వరసలో పాచిక సంఖ్య ఎక్కడ ఉందో చూస్తే ఫలితం తెలుస్తుంది, శత్రువు వెనక్కి తగ్గాడా, ఇద్దరికీ నష్టమా, మీరే పోయారా అని. 1కి 1 వరసలో దాడి చేయడం జూదం, 3కి 1లో చేయడం వ్యాపారం. కాబట్టి ఆటలో అసలు పని పాచిక వేయడం కాదు, వేసే చోటికి మూడింతల బలాన్ని పట్టుకొచ్చి పెట్టడం. అందుకు వేరేచోట బలం తగ్గించుకోవాలి, ఆ పలచటి చోటు అవతలివాడు కనిపెట్టకుండా చూసుకోవాలి.

ఇంకో సంగతి. ప్రతి దళం చుట్టూ ఉన్న ఆరు గళ్లూ దాని అదుపులో ఉన్నట్టు లెక్క, శత్రువు వాటిలోకి అడుగుపెడితే ఆగిపోవాలి. చాలా ఆటల్లో, వెనక్కి తగ్గాల్సిన దళానికి ఉన్న గళ్లన్నీ శత్రువు అదుపులోనే ఉంటే ఆ దళం పోయినట్టే. కాబట్టి అవతలి దళాన్ని ముందు చుట్టుముట్టి ఆ తర్వాత మామూలు "వెనక్కి తగ్గు" ఫలితం తెచ్చుకున్నా చాలు, అది చచ్చిపోతుంది. ఆ రోజు నేను మూడు దాడులూ ఎదురుగా, గుడ్డిగా చేశాను. రిజర్వు ఉంచుకోలేదు. మొదటిది పోయాక ఏం చేయాలో నా దగ్గర సమాధానం లేదు, అందుకే రెండోది, మూడోది. పాచిక నన్ను ఓడించలేదు, పాచిక మీదే బతికేలా నన్ను నేనే ఇరికించుకున్నాను.

అయినా మీకు ఒళ్లు మండితే రెండు పాచికలు కలిపి వేసే ఆటలు చూడండి. 7 రావడానికి 36లో 6 దారులుంటే 2 రావడానికి ఒక్కటే దారి, విపరీతాలు అరుదుగా వస్తాయి.

ప్ర: చరిత్రలో నెపోలియన్ ఓడిపోయాడు. ఆటలోనూ ఓడితే ఆడటం దేనికి? గెలిస్తే ఇంక అది చరిత్ర ఎలా అవుతుంది?

జ: ఈ శీర్షిక మొత్తానికి ఇదొక్కటే ప్రశ్న అయినా నాకు చాలు.

వాటర్లూనే తీసుకుందాం. 1815 జూన్ 18. ముందురోజు మధ్యాహ్నం నుంచి కుండపోత వాన. నెపోలియన్ దగ్గర సుమారు 73 వేల మంది, ఎదురుగా బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్ దగ్గర 68 వేలు. దాడి మధ్యాహ్నానికి కాస్త ముందు, పదకొండున్నర ప్రాంతంలోగానీ మొదలవలేదు. నాలుగున్నరకల్లా కుడివైపు ప్లాన్స్‌న్వా ఊరి దగ్గర వెల్లింగ్టన్‌కు సాయంగా ప్రష్యా సేనాపతి బ్లూషర్ పంపిన ప్రష్యన్లు దిగారు, కథ అయిపోయింది. ఇది చదివిన ప్రతివాడూ అనే మాట ఒకటే: "పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే గెలిచేవాడు కదా!" నేనూ అన్నాను. ఉత్తర కుమారుడిలాగా, రథం ఎక్కకముందు.

తర్వాత ఫ్రెంచి వైపు కూర్చుని ఆడే అవకాశం వచ్చింది. ఆ ఆటలో పొద్దున్న ఎప్పుడైనా మొదలెట్టుకోవచ్చు, కాకపోతే నేల ఆరేదాకా ఫిరంగులు సగం దూరమే కదులుతాయి, గుండ్ల దెబ్బ కూడా తగ్గుతుంది. అప్పట్లో ఇనుప గుండు నేలకు తగిలి ఎగిరెగిరి వరసలను చీల్చుకుంటూ పోయేది, తడి నేలలో అది అక్కడే కూరుకుపోతుంది మరి. నేను తొమ్మిదింటికే మొదలుపెట్టాను. నా ఫిరంగులు వెనకాల బురదలో, నా కాల్బలం ముందు కొండ వాలు మీద, మధ్యలో ఎవరూ లేరు. ప్రష్యన్లు రాకముందే, రెండు గంటలకల్లా నా పని అయిపోయింది. అప్పుడు అర్థమైంది, ఆ పొద్దున ఆయన ముందున్నవి రెండూ చెడ్డ దారులేనని. పుస్తకంలో "ఆలస్యం చేశాడు" అన్న ఒక్క ముక్కగా ఉన్నది బల్ల దగ్గర నా నెత్తిన పడింది.

నా దృష్టిలో మంచి ఆటకు కొలత ఇదే. ఫలితం చరిత్రలోలాగా వచ్చిందా అని కాదు, ఆ రోజు ఆ సేనాపతికి వచ్చిన తలనొప్పులే నాకూ వచ్చాయా అని. ఆట అనేది దాన్ని తయారుచేసినవాడు చరిత్ర గురించి చేసే ఒక వాదన. బురద ముఖ్యమని ఒకడంటాడు, నెపోలియన్ ప్రష్యన్ల వెంట పంపిన సేనాని గ్రూషీ 33 వేల మందితో తిరిగి రాకపోవడం ముఖ్యమని ఇంకొకడంటాడు, ఇద్దరి రూల్స్ వేరుగా ఉంటాయి, ఆడి ఎవరి వాదన నిలబడుతుందో చూడొచ్చు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది, దాచను. ప్రష్యన్లు వస్తారని మీకు తెలుసు, నెపోలియన్‌కు తెలీదు. అందుకని కొన్ని ఆటల్లో వాళ్లొచ్చే టైమును పాచికకు వదిలేస్తారు, కొన్నింట్లో ఏ దళం ఎప్పుడు కదలాలో డబ్బాలోంచి చీటీ తీసి తేలుస్తారు. ఇంకొందరు గెలుపు లెక్కనే మారుస్తారు: నెపోలియన్‌గా మీరు యుద్ధం గెలవక్కర్లేదు, ఆయనకంటే రెండు గంటలు ఎక్కువ నిలబడితే మీదే ఆట.

అన్నట్టు, ఫలితం నచ్చకపోతే మార్చేసుకునే పిచ్చి ఆటగాళ్లకే కాదు, అడ్మిరళ్లకూ ఉంటుంది. 1942 మేలో జపాన్ నౌకాదళం పసిఫిక్‌లో అమెరికా దీవి మిడ్‌వే మీద దాడికి ముందు యమాటో యుద్ధనౌక మీద బల్ల ఆట ఆడింది. అమెరికా విమానాల బాంబులు వాళ్ల విమాన వాహక నౌకలకు తొమ్మిది తగిలినట్టు పాచికల్లో వచ్చింది. ఆట నడిపిస్తున్న ఉగాకీ, తొమ్మిది కాదు మూడే అన్నాడు. మునిగిన రెండు ఓడల్లో అకాగి బతికింది, కాగా మాత్రం మునిగింది, తర్వాతి ఆటలో ఆ కాగా కూడా మళ్లీ తేలింది. ఇదంతా జపాన్ నౌకాదళ అధికారి ఫుచిదా యుద్ధం అయ్యాక రాసిన సంగతి. జూన్ 4న అసలు మిడ్‌వేలో అకాగి, కాగాలతో కలిపి నాలుగు వాహక నౌకలు దెబ్బతిని మర్నాటికల్లా మునిగాయి. అక్కడ కాదనడానికి అంపైర్ లేడు.

ప్ర: మనుషులు చచ్చిపోయిన చోటును ఆటగా ఆడుకోవడం మీకు సిగ్గుగా లేదా? (కాస్త మర్యాదగా మార్చి వేశాను – శీర్షిక నిర్వాహకుడు)

జ: ఒక్కోసారి ఉంటుంది. కొన్ని యుద్ధాలు నేను ఆడను, ముఖ్యంగా మామూలు జనాన్ని ఊచకోత కోయడమే పనిగా సాగినవి. మిగతావాటి గురించి నా మాట కాదు, హెచ్.జి. వెల్స్ మాట చెప్తాను. సైన్స్ కథలు రాసిన ఆయనే, 1913లో బొమ్మ సైనికులు, స్ప్రింగు ఫిరంగులతో ఇంట్లో నేల మీద ఆడే యుద్ధానికి రూల్స్ రాసి పుస్తకం వేశాడు. చివర్లో ఆయన తేల్చిందేమిటంటే, ఈ చిన్న యుద్ధం మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, నిజం యుద్ధమెంత అడ్డదిడ్డమైన వ్యవహారమో ఎవరికైనా తెలిసొస్తుందని. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆడినంత మాత్రాన యుద్ధం మీద మోజు పెరుగుతుందని నాకైతే అనిపించలేదు. ఒక బిళ్లను మ్యాపు మీంచి తీసేసేటప్పుడు దాని మీద రాసున్నది ఓ రెజిమెంటు పేరని గుర్తుంటే, ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగకపోతే అప్పుడు సిగ్గుపడాలి.

ప్ర: బొమ్మలతో మొదలుపెట్టమంటారా, అట్టబిళ్లలతోనా?

జ: మీకు రంగులు వేయడం ఇష్టమా? ఇష్టమైతే బొమ్మలు, కాకపోతే బిళ్లలు. నిజంగా అంతే.

కొంచెం వివరం కావాలంటే: 28 మిల్లీమీటర్ల బొమ్మ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కోటు బొత్తాలు కూడా కనిపిస్తాయి, కానీ సైన్యం పూర్తయ్యేసరికి ఏళ్లు పడతాయి. 15 మిల్లీమీటర్లది మధ్యస్థం. 6 మిల్లీమీటర్లయితే దగ్గర్నుంచి చీమల బారులాగే ఉంటుంది, దూరం నుంచి చూస్తే మాత్రం అదొక్కటే నిజంగా సైన్యంలా కనపడుతుంది. బొమ్మల ఆటలో అబద్ధం ఎక్కడుందంటే స్కేల్లో. ఒక్క బొమ్మ ఇరవై ముప్పై మందికి లెక్క, తుపాకీ దూరం నాలుగైదు అంగుళాలు, కానీ ఆ బొమ్మ పక్కన పెట్టిన ఇల్లు మాత్రం ఒక్క ఇల్లే. ఎక్కువ ఆలోచించకండి.

చిన్నగా మొదలవ్వాలంటే 1990లో ఫిల్ బార్కర్ బృందం తెచ్చిన డీబీఏ అనే ప్రాచీన యుద్ధాల రూల్స్ ఉన్నాయి, ఒక్కో పక్షానికి 12 చిన్న బేస్‌లు (కొన్ని బొమ్మలు కలిపి అంటించిన పలకలు) చాలు, గంటలో ఆట అయిపోతుంది. రూల్‌బుక్ వాక్యాలు మాత్రం సూత్రభాష్యంలా ఉంటాయి, రెండుసార్లు చదవాల్సిందే. బోర్డు వైపైతే రిచర్డ్ బోర్గ్ చేసిన మెమొయిర్ '44 లాంటివి బాగుంటాయి, 2004లో వచ్చింది. చేతిలో ఉన్న కార్డు "ఎడమవైపు రెండు దళాలు" అంటే ఆ రెండే కదులుతాయి. నడిమధ్యలో కొంప మునుగుతుంటే మీ చేతిలో అన్నీ ఎడమ కార్డులే ఉంటాయి, అదీ సేనాపతి బతుకు. మొదటి ఆటకు రూల్‌బుక్ మొత్తం బట్టీపట్టొద్దు. కదలడం, కొట్టడం రెండే చదివి మొదలుపెట్టి, మిగతావి అవసరమైనప్పుడు చూసుకోండి. నేర్పించే స్నేహితుడు ఉంటే ఇంకా మంచిది, కాకపోతే అడుగడుక్కీ "అయ్యో అలా చేశావేంటి" అంటూ శల్య సారథ్యం చేసేవాడైతే వద్దు, పుస్తకమే నయం.

ప్ర: నిజమైన సైన్యానికి ఇలాంటి ఆట ఎప్పుడైనా పనికొచ్చిందా? గొప్పలు కాకుండా ఒక్క ఉదాహరణ చెప్పండి.

జ: ఒక్కటే చెప్తాను, నాకు బాగా ఇష్టమైనది. 1942లో అట్లాంటిక్‌లో యూ-బోట్లు, అంటే జర్మన్ జలాంతర్గాములు, బ్రిటన్‌కు వెళ్లే సరుకు ఓడలను ముంచేస్తున్నాయి. లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళ అధికారి ఉండేవాడు, క్షయ వల్ల అంతకుముందే సర్వీసులోంచి పంపించేశారు, మళ్లీ పిలిచి ఈ పని అప్పగించారు. ఆయన దగ్గర ఉన్నది నేల మీద గీసిన గళ్లు, సుద్దముక్కలు, చిన్న చిన్న ఓడ బొమ్మలు, నౌకాదళ మహిళా విభాగం నుంచి వచ్చిన కొందరు అమ్మాయిలు. వాళ్లలో చాలామందికి ఇరవై చుట్టూ వయసు, సముద్రం మీద యుద్ధం చేసినవాళ్లు కాదు.

ఓడ కెప్టెన్లు ఆడటానికి వస్తే వాళ్లను తెరల వెనక నిలబెట్టి చిన్న సందులోంచి చూడమనేవాళ్లు, ఎందుకంటే సముద్రం మీద ఓడ మీంచి కనపడేది అంతే. యూ-బోటు దారిని తెర వెనకున్నవాళ్లకు ఆనని రంగు సుద్దతో గీసేవాళ్లు. ఇలా పాత దాడుల రిపోర్టులను మళ్లీ మళ్లీ ఆడించగా తేలిందేమంటే, అందరూ అనుకున్నట్టు యూ-బోటు దూరం నుంచి కొట్టడం లేదు, రాత్రిపూట నీటి పైన తేలుతూ వెనకనుంచి ఓడల వరసల మధ్యలోకే దూరి, దగ్గర్నుంచి టార్పెడో వేసి, అక్కడే లోపలికి మునిగిపోతోంది. కాపలా ఓడలేమో బయటవైపు పరిగెత్తి వెతుకుతున్నాయి! దొంగ పెరట్లో ఉంటే వీధిలో టార్చిలైటు వేసినట్టు. దానికి విరుగుడు ఎత్తు కూడా ఆ నేల మీదే తయారైంది, రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టారు. స్వయంగా జలాంతర్గామి కెప్టెన్‌గా పనిచేసిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ వచ్చి యూ-బోటు వైపు ఆడితే, కాపలా ఓడల వైపు ఆడిన జానెట్ ఓకెల్ అనే అమ్మాయి ఆయన్ను ఐదుసార్లు ఐదుసార్లూ ముంచేసింది. యుద్ధం ముగిసేలోపు ఐదు వేలకు దగ్గరగా అధికారులు ఆ గదిలో శిక్షణ తీసుకున్నారు.

గమనించారా, ఇక్కడ కూడా ఆటకు బలం తెచ్చింది ఆ తెరే. ఏది కనపడకూడదో అది కనపడనివ్వకపోవడం.

ప్ర: తళ్లికోట యుద్ధాన్ని ఆటగా చేద్దామని మొదలుపెట్టాను. సైన్యాల సంఖ్య దగ్గరే ఆగిపోయాను, ఒక్కో పుస్తకంలో ఒక్కోటి ఉంది. ఏం చేయమంటారు?

జ: శభాష్, ముందు ఇది చెప్పాలి. ఆగాల్సిన చోటే ఆగారు కూడా.

1565 జనవరి 23న ఒకవైపు అళియ రామరాయల విజయనగర సైన్యం, ఇంకోవైపు అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ, బీదర్ సుల్తానులు. ఇంతవరకు గొడవ లేదు. ఫెరిష్తా లాంటి చరిత్రకారులు చెప్పే లక్షల అంకెలు మాత్రం బిళ్లల మీద అచ్చువేయకండి. అంతమంది మనుషులు, గుర్రాలు, ఏనుగులు ఒక్కచోట చేరితే మేతకు, నీళ్లకు ఎన్ని బళ్లు కావాలో లెక్కేస్తే మీకే తెలుస్తుంది. యుద్ధం ఎక్కడ జరిగిందన్నది కూడా వాదనే, తళ్లికోట అన్నది అలవాటుగా అనే పేరు.

నేనైతే అంకెలు వదిలేసి నిష్పత్తితో మొదలుపెడతాను. విజయనగరానికి బలం ఎక్కువ, ఎంత ఎక్కువన్నది ఒకటిన్నర రెట్లు పెట్టి ఆడి చూడండి, రెండు పెట్టి చూడండి. ఏ అంకె పెడితే యుద్ధం కథలో చెప్పినట్టు మొదట విజయనగరం వైపు మొగ్గి తర్వాత తిరగబడుతోందో ఆ అంకె మీకు పనికొస్తుంది. ఆ తర్వాత నిజంగా తల పట్టుకోవాల్సినవి మూడు. మొదటిది ఫిరంగులు: రెండు రెక్కల మీద రామరాయల తమ్ముళ్లు తిరుమల, వెంకటాద్రి, మధ్యలో ఆయన, ఎదురుగా అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా ఫిరంగులు. ఆ ఫిరంగుల్లో రాగి నాణేలు కూరి దగ్గర్నుంచి పేల్చారని ఫెరిష్తా రాశాడు, కాబట్టి దగ్గరికొచ్చిన కొద్దీ దెబ్బ పెరిగేలా రూల్ పెట్టండి. రెండోది సేనాపతి. ముసలివాడైన రామరాయలు పట్టుబడి తల పోగానే అంత సైన్యమూ చెల్లాచెదురైంది. కాబట్టి ఆయన బిళ్ల యుద్ధంలో ఎక్కడుంటే అక్కడి దళాలు గట్టిగా పోరాడాలి, పోతే మాత్రం మొత్తం సైన్యం ధైర్యపరీక్ష పాచిక వేయాలి. ఆయన్ను ముందుకు తేవాలా, వెనక దాచాలా అన్న గుంజాటన ఆడేవాడికి రావాలి.

మూడోది చిక్కుముడి: రామరాయల కొలువులోని ఇద్దరు సర్దారులు నడుమలో పక్షం మార్చారన్న కథ. కొందరు రాశారు, కొందరు రాయలేదు. దీన్ని రూల్‌గా రాసేస్తే మీరొక పక్షం తీసుకున్నట్టు, వదిలేసినా ఇంకో పక్షం తీసుకున్నట్టే. ఆట మొదట్లో మూతపెట్టిన ఒక చీటీ తీసి పక్కన పెట్టుకోమనండి, సుల్తానుల వైపు ఆడేవాడే చూడాలి. అందులో "నమ్మకద్రోహం" ఉండొచ్చు, ఖాళీగా ఉండొచ్చు. ఖాళీ చీటీ ఉన్నా సరే, విజయనగరం ఆడేవాడు సాయంత్రం దాకా సొంత సర్దారులను అనుమానిస్తూనే కూర్చుంటాడు. తయారయ్యాక నాకూ ఒక కాపీ పంపండి, తప్పులు పట్టడానికి కాదు, ఆడటానికి.

ప్ర: ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికంటే పెద్ద ఆట ఏది?

జ: అందరూ చెప్పుకునేది 1979లో ఎస్‌పీఐ కంపెనీ వేసిన, రెండో ప్రపంచ యుద్ధం ఉత్తర ఆఫ్రికా పోరు మీది ఆట, 'ది కాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా'. రిచర్డ్ బెర్గ్ తయారుచేశాడు. మ్యాపు పది అడుగులకు దగ్గర, ఒక్కో వైపు ఐదుగురు ఆడాలి, పూర్తవడానికి 1500 గంటలని అంచనా. పెట్రోలు, నీళ్లు, ప్రతి విమానం పైలట్, అన్నీ లెక్కే. ఇటలీ దళాలకు పాస్తా ఉడకబెట్టుకోవడానికి నీళ్లు ఎక్కువ ఇవ్వాలని రూల్, అది మాత్రం తను సరదాకు పెట్టిందని బెర్గే తర్వాత ఒప్పుకున్నాడు. నేను ఆడలేదు. ఆడే ఉద్దేశమూ లేదు.

ప్ర: నాతో ఆడేవాళ్లు ఎవరూ లేరు. ఒక్కడినే ఆడొచ్చా?

జ: మీలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, మొహమాటపడి చెప్పరంతే. రెండువైపులా మీరే కూర్చుని, ఏ వైపుంటే ఆ వైపు నిజాయితీగా ఆడటం ఒక పద్ధతి. కాకపోతే శత్రువు దళాలు మీకు కనపడకుండా నిలబెట్టిన చెక్కముక్కలతో ఆడే బ్లాక్ గేమ్‌లు ఒంటరిగా ఆడటానికి పనికిరావు, మీ గుట్టు మీకు తెలుసు కాబట్టి. ఒక్కరి కోసమే చేసినవి వేరే ఉన్నాయి. బీ-17 అనే పాత ఆటలో మీకొక బాంబర్ విమానం ఉంటుంది, దాని సిబ్బందికి మీరే పేర్లు పెట్టి 25 దాడులు పూర్తిచేసుకుని రావాలి. నిర్ణయాలు తక్కువ, పాచికలే ఎక్కువ, పైన పాచిక మీద కోపంగా రాసిన పాఠకుడికి అస్సలు నచ్చదు. కానీ పదహారో దాడిలో నేను పేరు పెట్టిన గన్నర్ చనిపోతే ఆ పూట ఆట మూసేశాను.

ఎదురుగా మనిషే కావాలంటే వాసల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బోర్డు ఆటల మ్యాపులు, బిళ్లలు తెరమీదికి వస్తాయి, అవతలివాళ్లు ఏ దేశంలో ఉన్నా ఆడొచ్చు. రూల్స్ మీకు తెలిసి ఉండాలి, అది నేర్పదు.

ప్ర: ఫ్యాన్ వేశారు, నాలుగు వందల బిళ్లలు ఎగిరాయి. మూడు వారాల ఆట. ఏమైనా దారుందా?

జ: ఎగిరినవాటికి లేదు, నా సానుభూతి. ఇకముందుకైతే మ్యాపు మీద పల్చటి అక్రిలిక్ షీటు పరిచి దాని మీద బిళ్లలు పెట్టండి, కాగితం మడతల దగ్గర జారిపోవు. బిళ్లల మూలలు గోళ్లు కత్తిరించేదానితో కొంచెం గుండ్రంగా కత్తిరిస్తే ఒకదానికొకటి చిక్కుకోవు, తీయడానికి స్టాంపులు పట్టుకునే పట్టకారు వాడండి. రోజూ ఆట ఆపేముందు ఫోన్లో ఫోటో తీసుకోండి, కట్టలు కట్టలుగా ఉన్న చోట పైబిళ్ల ఒక్కటే కనపడుతుంది కాబట్టి కింద ఏమున్నాయో కాగితం మీద రాయండి. ఆ ఫ్యాన్ స్విచ్ మీద టేపు వేయండి.